జ్యూక్‌బాక్స్ బీరువాలో మానిటర్ పక్కన స్పీకర్లు, యాంప్లిఫయర్ యాడ పెట్టాలి?

మొదట ప్రశ్న ఏమిటో చెప్పి మొదలుపెడతా, తర్వాత చదివేవాళ్ళకు తలా తోకా తెలియాలి కదా. ప్రొద్దుటూరు తమ్ముడి ఇంట్లో జేజినాయన కాలం నాటి టేకు బీరువా ఉంది. ఎత్తు 5 అడుగులు, వెడల్పు 2, లోతు ఒకటిన్నర. దాన్ని పాటల పెట్టెగా మార్చి నాయన టీ హోటల్లో పెట్టాలని ఉబలాటం. నాయనకు దాంట్లోనే ఆకాశవాణి కడప రేడియో కూడా వినపడాలంట. చేతిలో ఉన్న సరంజామా ఇది: మూతబడిన ఇంటర్నెట్ సెంటర్లో కొన్న 17 అంగుళాల డబ్బా మానిటర్ (పాత గాజు గొట్టం రకం), పాత సీపీయూ, 4440 అనే ఐసీ (చిప్పు) బోర్డుతో కట్టించిన యాంప్లిఫయర్, దానికి కరెంటిచ్చే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, రెండు 8 అంగుళాల స్పీకర్లు. బావ దగ్గర 19 అంగుళాల ఎల్‌సీడీ ఒకటి ఊరికే పడి ఉంది, అడిగితే ఇస్తాడంట. కానీ పాత పెట్టె రూపానికి డబ్బా మానిటరే నప్పుతుందని తమ్ముడి అభిప్రాయం. మానిటర్ ఎత్తులోనే బీరువా రెండు పక్కలా చిల్లులు కోసి స్పీకర్లు బిగిస్తాడు, మానిటర్ కింది అరలో యాంపు పెడతాడు. "అయస్కాంతం వల్ల తెర చెడిపోతుందంటున్నారు, మధ్యలో అల్యూమినియం రేకు కొడితే చాలా? ఎంత ఎడం ఉండాలి?" అని అడుగుతున్నాడు.

రేకు పని చేయదు తమ్ముడూ. స్పీకర్ అయస్కాంతానికి అల్యూమినియం అడ్డు ఉన్నా లేనట్టే. చెక్క, ప్లాస్టిక్కు, మన కడప బండ, ఈ విషయంలో అన్నీ ఒకటే. ఇనుప రేకైతే రోంత పని చేస్తుంది, దాని సంగతి కింద చెప్తా.

ఇంకో మాట. అందరూ అడిగేది అయస్కాంతం గురించే. కానీ ఇట్లా ఇంట్లో కట్టుకున్న పెట్టెలు రిపేరుకు వచ్చేది శానా మటుకు అయస్కాంతం వల్ల కాదు. వేడికి ఉబ్బిపోయిన కెపాసిటర్లు, పాట ఆపినా ఆగని బుయ్యిమనే మోత, సప్లై బోర్డులో దూరి మాడిపోయిన బల్లి. ఇవే ఎక్కువ. కాబట్టి నా సలహా ఒక్క ముక్కలో: బావను అడిగి ఎల్‌సీడీ తెచ్చుకో, స్పీకర్ల అయస్కాంతం సంగతి మర్చిపో, నీ జాగ్రత్త అంతా యాంపు మీద, గాలి మీద, ఎర్తు మీద పెట్టు. డబ్బా మానిటరే కావాలంటే మాత్రం లెక్క వేరు. అది ముందు చెప్తా.

డబ్బా మానిటర్ గొట్టం మెడలోంచి మూడు ఎలక్ట్రాన్ కిరణాలు బయలుదేరతాయి, ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు ఒకటి, నీలానికి ఒకటి. తెరకు లోపలివైపు సన్న సన్న చిల్లులున్న లోహపు జల్లెడ ఉంటుంది. ఏ కిరణమైనా ఆ చిల్లులోంచి దూరి తన రంగు చుక్క మీదే పడాలి. ఆ కిరణాలను అటూ ఇటూ తిప్పేది కూడా అయస్కాంత క్షేత్రమే, మెడకు చుట్టిన యోక్ కాయిల్ చేసే పని అదే. మరి పక్కనే ఇంకో అయస్కాంతం తెచ్చిపెడితే కిరణం దారి తప్పకుండా ఎట్లుంటుంది? మిల్లీమీటరులో ఏ కొంచెం జరిగినా పక్క రంగు చుక్క మీద పడుతుంది. తెర మూలల్లో ఊదా రంగు, ఆకుపచ్చ మచ్చలు కనపడేది అందుకే. పైగా ఆ జల్లెడ ఇనుప జాతిది. స్పీకర్ ఎక్కువ కాలం పక్కనుంటే తానూ అయస్కాంతమై కూర్చుంటుంది. అప్పుడు స్పీకర్ తీసేసినా మచ్చ పోదు.

దాన్ని పోగొట్టడానికే మానిటర్ ఆన్ చేసినప్పుడు 'డుమ్' మని ఒక శబ్దం వస్తుంది చూడు, అది డీగాస్ కాయిల్. తెర చుట్టూ ఉన్న ఆ తీగలోకి కరెంటు ఒక్కసారిగా పోయి, మెల్లమెల్లగా తగ్గిపోతుంది. దాంతో జల్లెడలో ఉన్న అయస్కాంతం చెరిగిపోతుంది. ఆ కరెంటును తగ్గించేది ఒక థర్మిస్టర్, వేడెక్కే కొద్దీ కరెంటును అడ్డుకునే ముక్క. అది వేడెక్కి ఉన్నంతసేపు రెండోసారి డీగాస్ చేసినా బలం ఉండదు. మచ్చ పోలేదని వెంటవెంటనే ఆఫ్, ఆన్ చేస్తా పోతే ఏమీ ఒరగదు. ఆపేసి ఒక అరగంట చల్లారనిచ్చి అప్పుడు ఆన్ చెయ్యి. అయినా పోకపోతే పాత టీవీ మెకానిక్కుల దగ్గర చేతి డీగాస్ కాయిల్ ఉంటుంది, తెర ముందు గుండ్రంగా తిప్పుతూ ఐదారు అడుగులు వెనక్కి వచ్చి అప్పుడు స్విచ్ ఆపుతారు. తెర దగ్గరే ఆపేస్తే మచ్చ ఇంకా పెద్దదవుతుంది. పాత టీవీలోంచి తీసిన కాయిల్‌ను నేరుగా 230 వోల్టులకు తగిలించే పని మాత్రం పెట్టుకోబాకు, కొన్ని క్షణాల కరెంటుకే దాన్ని చుట్టింది, క్షణాల్లోనే కాలిపోతుంది.

ఇంక దూరం. 8 అంగుళాల మామూలు ఫెర్రైట్ స్పీకర్‌కూ డబ్బా మానిటర్‌కూ ఒకటిన్నర నుంచి రెండడుగుల ఎడం ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. రోంత దూరం పెరిగినా లాభం శానా ఉంటుంది, ఎందుకంటే దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కానీ నీ బీరువా కొలతలే చూడు. లోపలి వెడల్పు పలకలు పోగా ఇరవై రెండున్నర అంగుళాలు. మానిటర్ ఒళ్ళు 16 అంగుళాలు. రెండు పక్కలా మిగిలేది మూడేసి అంగుళాలు. పక్క పలకకు బిగించిన 8 అంగుళాల స్పీకర్ లోపలికి మూడు అంగుళాల పైనే పొడుచుకొస్తుంది. అంటే అయస్కాంతం వీపు నేరుగా మానిటర్ డొక్కకు ఆనుకుంటుంది. ఇంతకన్నా చెడ్డ చోటు వెతికినా దొరకదు.

నా మాట నమ్మాల్సిన పని లేదు, నీ ఫోన్లోనే పరీక్ష ఉంది. చాలా ఫోన్లలో దిక్సూచి ఉంటుంది, అయస్కాంత క్షేత్రాన్ని మైక్రోటెస్లాల్లో చూపించే యాప్‌లూ ఉచితంగా దొరుకుతాయి. మన ప్రాంతంలో భూమి క్షేత్రమే సుమారు 40 మైక్రోటెస్లాలు. మానిటర్ తెర ఉండబోయే చోట ఫోన్ పెట్టి అంకె చూసుకో. తర్వాత స్పీకర్ తెచ్చి నువ్వు బిగించాలనుకున్న చోట పట్టుకో. అంకె ఎంత పెరిగిందో, ముల్లు ఎంత తిరిగిందో కనపడుతుంది. ముల్లు నాలుగైదు డిగ్రీలకు మించి కదిలితే ఆ చోటు డబ్బా మానిటర్‌కు పనికిరాదు. ఫోన్‌ను మాత్రం అయస్కాంతానికి మరీ ఆనించొద్దు, దిక్సూచి తప్పు చూపించడం మొదలుపెడుతుంది. అట్లయితే గాలిలో ఎనిమిది అంకె వేసినట్టు ఫోన్ తిప్పితే సర్దుకుంటుంది.

అయస్కాంతాన్ని కట్టడి చేసే దారి లేదా అంటే ఉంది. కంప్యూటర్ స్పీకర్ల మీద 'షీల్డెడ్' అని రాసి ఉండేవి చూసినావు కదా. వాటిలో అసలు అయస్కాంతం వీపు మీద అదే సైజు అయస్కాంతం ఇంకోటి తిరగేసి అంటించి, పైన ఇనుప గిన్నె మూత వేస్తారు. పాడైన స్పీకర్లోంచి అయస్కాంతం తీసి నువ్వూ చేసుకోవచ్చు. రెండూ ఒకదాన్నొకటి తోసుకునే వైపు పెట్టాలి, అతుక్కునే వైపు కాదు. తోసుకుంటాయి కాబట్టి అరాల్డైట్ పూసి, క్లాంపుతో బిగించి, ఒక రాత్రంతా కదలకుండా వదిలేయాలి. ఇనుప గిన్నె లేకపోతే లాభం సగమే. ఒట్టి ఇనుప రేకు అడ్డం పెట్టాలంటే అది స్పీకర్‌కు దగ్గరగా ఉండాలి, మానిటర్‌కు దూరంగా ఉండాలి. మానిటర్‌కు ఆనించి కొడితే ఆ రేకే అయస్కాంతమై తెరకు కొత్త తలనొప్పి తెస్తుంది.

ఇక నీ ట్రాన్స్‌ఫార్మర్. దీని గురించి ఎవరూ అడగరు, నిజానికి డబ్బా మానిటర్‌కు స్పీకర్‌తో సమానమైన శత్రువు ఇదే. 12-0-12 అంటే మనకు దొరికేది ఎక్కువగా పలకలు పేర్చి కట్టిన రకం. దాని చుట్టూ 50 హెర్ట్జ్ క్షేత్రం బయటికి కారుతూనే ఉంటుంది. మానిటర్ సెకనుకు 60 సార్లు తెర గీస్తుంటే, రెండింటి మధ్య తేడా 10. తెర మీద అక్షరాలు సెకనుకు పది సార్లు వణుకుతాయి. కళ్ళు పీకుతాయి, మానిటర్ పాడైందని ఇంకొకటి కొంటారు, అదీ వణుకుతుంది. డీగాస్ దీనికి మందు కాదు. దూరమే మందు, లేకపోతే గుండ్రటి టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్, దాంట్లోంచి బయటికి వచ్చేది శానా తక్కువ. మానిటర్ కింది అరలో యాంపు పెడతానన్నావు చూడు, డబ్బా మానిటరైతే అది కుదరదు.

బీరువాలో పట్టడం లేదని మానిటర్ ప్లాస్టిక్ డొక్కు విప్పి గొట్టం ఒక్కటే బిగించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. ఆ గొట్టం ఆనోడ్ మీద సుమారు 25 వేల వోల్టులుంటాయి, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా చార్జి నిలిచి ఉంటుంది. మెడ విరిగితే గాజు లోపలికి పగిలి ముక్కలు ఎగురుతాయి. హోటల్లో పిల్లలు తిరుగుతుంటారు.

ఇప్పుడు ఎల్‌సీడీ. దాంట్లో కిరణం లేదు, జల్లెడ లేదు. స్పీకర్ అయస్కాంతం ఆనించినా రంగు మారదు. సందేహముంటే బావ ఇంట్లోనే స్పీకర్ పట్టుకెళ్ళి తెర మీద పెట్టి చూడు. సీపీయూలో ఉన్న హార్డ్‌డిస్కుకూ స్పీకర్ అయస్కాంతంతో భయం లేదు, దాని లోపలే గట్టి అయస్కాంతాలున్నాయి. దానికి పడనిది అదురు. బాస్ కొట్టినప్పుడల్లా బీరువా మొత్తం అదిరితే డిస్కు తల ట్రాక్ తప్పుతుంది, పాట నట్టుతుంది, కొన్నాళ్ళకు బ్యాడ్ సెక్టార్లు మొదలవుతాయి. ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలేవీ లేని డిస్కు) వేసుకుంటే ఆ గొడవ ఉండదు. ఈ మొత్తం పనిలో కొత్తగా డబ్బు పెట్టాల్సిన వస్తువు ఏదైనా ఉంటే నా లెక్కలో అదే. మీ ఇంట్లో పాత టేప్ క్యాసెట్లు ఉండి, వాటిని కూడా అందంగా ఉంటుందని ఈ బీరువాలోనే పెట్టాలనుకుంటే మాత్రం స్పీకర్ల దగ్గర పెట్టొద్దు, వాటి మీదున్నది నిజంగానే చెరిగిపోతుంది.

ఎల్‌సీడీ వెనకాల 100 మిల్లీమీటర్ల చదరంలో నాలుగు స్క్రూ రంధ్రాలుంటాయి, చిన్న మానిటర్లలో 75. స్టాండు తీసేసి ఆ రంధ్రాలకు ప్లైవుడ్ పలక బిగించి, మధ్యలో రబ్బరు వాషర్లు వెయ్యి. స్క్రూలు ఎం4 రకం, పొడుగువి కొట్టకు, లోపలి బోర్డుకు తగులుతాయి. తెరను రోంత పైకి వాల్చిపెట్టు. పాత ఎల్‌సీడీలను కింది నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి, నిలబడి పాట ఎంచుకునేవాడి కంటికి ఎదురుగా ఉండాలి.

స్పీకర్లు పక్క పలకలకు పెట్టొద్దు, ఇది అయస్కాంతం కోసం చెప్పడం లేదు. పక్కలకు పెడితే పాట గోడకు వినపడుతుంది, ఎదురుగా కూర్చున్నవాడికి తాళం, మద్దెల అంచులు పోయి గుబగుబ మాత్రం మిగులుతుంది. బీరువా అడుగున, ముందు వైపుకు, స్పీకర్లకు వేరే గది కట్టు. 1946లో అమెరికాలో వచ్చిన వుర్లిట్జర్ 1015 అనే పెట్టె ఫోటోలు చూడు, 24 రికార్డులు తిప్పే యంత్రం పైన గాజు వెనకాల ఉంటుంది, స్పీకర్ కింద జాలీ వెనకాల ఉంటుంది. బరువు కింద, చూసేది పైన.

గది కొలత 22 అంగుళాల వెడల్పు, 15 ఎత్తు, 16 లోతు పెడితే సుమారు 85 లీటర్లు వస్తుంది. మధ్యలో పలక నిలబెట్టి రెండు చేస్తే ఒక్కో స్పీకర్‌కు నలభై లీటర్ల పైచిలుకు, 8 అంగుళాలకు ధారాళం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడు. సందులన్నీ రంపపు పొట్టు కలిపిన ఫెవికాల్‌తో పూడ్చు, వైరు బయటికి వచ్చే చిల్లు కూడా. స్పీకర్ వెనక గాలి పైకి, మానిటర్ వైపుకు రాకూడదు. వస్తే రెండు నష్టాలు: ముందుకు రావాల్సిన బాస్ చచ్చిపోతుంది, వెనక గాలి తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను గిరగిరమనిపిస్తుంది. ఆ గిరగిర మానిటర్‌దో, తలుపు గాజుదో, గొళ్ళెందో కనిపెట్టడానికి ఒక పూట పడుతుంది. సన్నటి శబ్దాల కోసం రెండు ట్వీటర్లు మానిటర్ పైన, చెవి ఎత్తులో పెట్టు. ఎల్‌సీడీ అయితే అవి తెరకు అంగుళం దూరంలో ఉన్నా ఏమీ కాదు.

గది అడుగున ఒక కడప బండ పరచమని చెప్తా, సొంత ఊరి మీద అభిమానంతో కాదు. 22 అంగుళాలకు 16 అంగుళాలు, అంగుళం మందం బండ పదిహేను కిలోల పైనే తూగుతుంది. పొడుగాటి బీరువా ముందుకు తూలకుండా పట్టుకుంటుంది, అదురు పైకి పాకకుండా ఆపుతుంది. బండ కింద రబ్బరు ముక్కలు వెయ్యి. హోటల్ కడిగిన నీళ్ళు చెక్కకు అంటకుండా బీరువాకు కాళ్ళు కూడా ఎత్తుగా ఉండాలి.

ఇప్పుడు యాంపు. 4440 డబ్బాల మీద 500 వాట్లు అని స్టిక్కర్లు వేస్తుంటారు, నవ్వుకుని వదిలెయ్యి. ఆ ఐసీ 4 ఓంల మీద ఇచ్చేది చానెలుకు 6 వాట్లు, రెండు చానెళ్ళూ కలిపి ఒకే స్పీకర్‌కు ఇచ్చేటట్టు బ్రిడ్జి కడితే 19. టీ హోటల్‌కు అది చాలు, నిజంగా చాలు. కానీ ఆ కొన్ని వాట్ల పాట కోసం అది తినే కరెంటులో పెద్ద భాగం వేడిగా మారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వేడి అదనం. వేడి పైకి పోతుంది. నువ్వు గీసుకున్న ప్లానులో పైన ఏముంది? మానిటర్.

మామూలు ఎల్‌సీడీ మానిటర్ పుస్తకం తీసి చూస్తే, చుట్టూ ఉండే గాలి 40 డిగ్రీల వరకు ఉండొచ్చు అని రాసి ఉంటుంది. మన దగ్గర మే నెలలో బయట గాలే 42, 43. హోటల్లో పొయ్యి, పైన రేకుల కప్పు. మూసిన బీరువా లోపల ఇంకో పది డిగ్రీలు కలుపుకో. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు పది డిగ్రీలకు సగమవుతుందని మా వాడుక లెక్క. మానిటర్ సప్లైలో, సీపీయూ బోర్డులో, యాంపులో, అన్నిట్లో ఉన్నది అవే. అంటే చల్లగా ఉంటే పదేళ్ళు నడిచేది ఇరవై డిగ్రీలు ఎక్కువైతే రెండున్నరేళ్ళకు వస్తుంది. ఎల్‌సీడీ వెలగడం ఆలస్యమవడం, ఆన్ చేస్తే ఒక సెకను వెలిగి ఆరిపోవడం, ఇవి శానా సార్లు ఆ కెపాసిటర్ల చావే.

కాబట్టి మానిటర్ వెనకాల ఒక పొగగొట్టం కట్టాలి. స్పీకర్ గది పైన యాంపు, సీపీయూ ఒక అరలో. ఆ అర పైకప్పు మానిటర్ గదిలోకి తెరుచుకోకూడదు, పలకతో మూసెయ్యి. ఆ పలక వెనక అంచులో మాత్రం నాలుగు అంగుళాల సందు వదిలి, బీరువా వెనక గోడ వెంబడి పై దాకా ఒక దారి చెయ్యి. పైన 120 మిల్లీమీటర్ల ఫ్యాను, గాలిని బయటికి తోసేటట్టు. కింద యాంపు అరకు ముందు వైపు గాలి లోపలికి వచ్చే కంతలు, వాటి మొత్తం వైశాల్యం ఫ్యాను కంతకు రెండింతలు, ఎందుకంటే జాలీ సగం మింగేస్తుంది. మానిటర్ గదికి కూడా కింద చిన్న సందు, పైన చిన్న సందు వేరేగా ఉండాలి. ఫ్యానుకు 12 వోల్టులు సీపీయూ సప్లై నుంచి ఇయ్యి. యాంపు సప్లై నుంచి తీస్తే ఫ్యాను మోటారు గుయ్యిమనడం పాటలో కలుస్తుంది.

ప్రతి కంతకూ సన్న ఇనుప జాలీ కొట్టు, దోమ తెర గుడ్డ కాదు. గుడ్డను ఎలుక కొరుకుతుంది. వెచ్చగా ఉండే చోటికి బల్లి తప్పకుండా వస్తుంది, సప్లై బోర్డు మీద తోక ఒకవైపు తల ఒకవైపు పెడుతుంది, అంతే, ఫ్యూజు, దాంతోపాటు సప్లైని నడిపే మోస్‌ఫెట్ పోతాయి. హోటల్లో చక్కెర డబ్బా దగ్గర ఉంటే చీమలు అదనం.

మోత సంగతికి వస్తే, ట్రాన్స్‌ఫార్మర్‌ను యాంపు అరలో ఒక చివర, యాంపు బోర్డును, ముఖ్యంగా వాల్యూమ్ వైర్లను ఇంకో చివర పెట్టు. స్క్రూలు బిగించకముందు ట్రాన్స్‌ఫార్మర్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తే ఒక దిక్కున మోత బాగా తగ్గుతుంది, ఆ దిక్కునే బిగించు. 230 వోల్టుల కొసలు టేపు చుట్టి మూసి, తిప్పే ప్రతిసారీ ప్లగ్ పీకి తిప్పు. సీపీయూ నుంచి వచ్చే పాట వైరు షీల్డ్ ఉన్నది వాడు, కరెంటు వైర్ల వెంబడి పక్కపక్కనే పోనీకు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు. బావ ఎల్‌సీడీ పాతది, వెనకాల ట్యూబ్ లైటు లాంటి దీపాలున్న రకమైతే, దాని ఇన్వర్టర్ బోర్డు వందల వోల్టుల హై ఫ్రీక్వెన్సీతో పని చేస్తుంది, పాట వైరు దాని వెనక నుంచి వేలాడితే సన్నటి ఈల వస్తుంది. సీపీయూలో వాల్యూమ్ తొంభై శాతం పెట్టి యాంపు దగ్గర తగ్గించుకో. శానా మంది తిరగేసి చేస్తారు, సీపీయూలో ఇరవై పెట్టి యాంపు పూర్తిగా తిప్పుతారు, 4440 గెయిన్ ఎక్కువ కాబట్టి చెత్తంతా పెద్దదై వినిపిస్తుంది.

అయినా మోత వస్తే ఊహించుకుంటా కూర్చోకుండా ఒక్కొక్కటి పీకి చూడు. యాంపు నుంచి పాట వైరు పీకేసి, ఆ ఇన్‌పుట్ కొసను దాని సొంత గ్రౌండుకే కలిపినా మోత ఉందా, అయితే తప్పు యాంపులోనే, ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది లేదా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా ఉంది. వైరు పీకితే పోయి, పెడితే వస్తుందా, అప్పుడు మానిటర్ కేబుల్ పీకి చూడు. అది పీకగానే పోతే సీపీయూ ఎర్తు, మానిటర్ ఎర్తు, యాంపు గ్రౌండు కలిసి గుండ్రంగా దారి కట్టుకున్నాయని అర్థం. అన్నిటికీ కరెంటు ఒకే స్ట్రిప్పు నుంచి ఇయ్యి. అప్పటికీ ఉంటే పాట వైరు మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టు, చిన్న డబ్బా, రెండు వైపులా పిన్నులుంటాయి, ఆన్‌లైన్లో దొరుకుతుంది. మౌసు జరిపితే బర్రుమనే శబ్దం కూడా దాంతో పోతుంది.

మోత పోవాలని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేసేవాళ్ళున్నారు. మోత పోతుంది, నిజమే. సీపీయూ సప్లై లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కట్టి ఉంటాయి. ఎర్తు లేకపోతే డొక్కు మీద సగం వోల్టేజీ, సుమారు 115, తేలుతూ ఉంటుంది. కరెంటు రోంతే కాబట్టి జిల్లుమంటుంది అంతే అంటారు. కానీ లోపల ఎప్పుడో ఒక వైరు తెగి డొక్కుకు తగిలిన నాడు, తడి చేత్తో గ్లాసులు కడిగే మనిషి పాట మార్చడానికి వస్తాడు. హోటల్లో ఇది అసలు కూడదు.

దానికంటే ముందు హోటల్లో ఎర్తు ఉందో లేదో చూసుకో. సాకెట్లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన గుంత దాకా వైరు పోయినట్టు కాదు. మన నేల ఎండాకాలం అడుగు లోతు దాకా బీటలు వారుతుంది, ఎర్తు గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి ఏళ్ళు గడిచినా ఎవరూ చెంబెడు నీళ్ళు పోయరు, ఎర్తు ఉండీ లేనట్టే. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఏసీ వోల్టులు కొలిపించు. రెండు మూడు ఉంటే పర్వాలేదు. పదీ ఇరవై చూపిస్తే ఎలక్ట్రీషియన్ను పిలిచి గుంత బాగు చేయించి, బోర్డులో ఒక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) కూడా వేయించు.

నాయనకు ఆకాశవాణి కడప కూడా వినపడాలన్నావు. మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్ మీద పట్టుకుందామని రేడియోను ఈ బీరువాలోనే పెడితే, సీపీయూ సప్లై, మానిటర్ కలిసి చేసే గోలలో ఏమీ వినపడదు. రేడియోను బయట వేరే గూట్లో పెట్టి, పాట వైరు ఒక్కటే లోపలికి తెచ్చుకో.

ఎర్తు కొలిపించిన అంకె, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని ఆంపియర్లని రాసుందో అది, ఈ రెండూ రాసి పెట్టు. 5 ఆంపియర్లదైతే 230 వోల్టుల వైపు అర ఆంపియర్ స్లో బ్లో ఫ్యూజు సరిపోతుంది. వేరేదైతే ఫ్యూజు లెక్క మారుతుంది, అది చూసుకోకుండా ప్లగ్ పెట్టకు.